న్యూట్రాన్ నక్షత్రాల గర్భంలో పదార్థం ఏ స్థితిలో ఉంది?

న్యూట్రాన్ నక్షత్రం అన్న పేరు ఆ ఖగోళ వస్తువులో కొంత భాగానికే కచ్చితంగా వర్తిస్తుంది. దాని పైపొరలో ఇనుము వంటి మామూలు పరమాణు కేంద్రకాలే ఉంటాయి. ఆ కింద కొన్ని కిలోమీటర్ల లోతున నిజంగానే న్యూట్రాన్ల సముద్రం ఉంటుంది. నట్టనడుమ ఉన్న గర్భంలో మాత్రం న్యూట్రాన్లు న్యూట్రాన్లుగానే మిగిలాయా, వేరే కణాలుగా మారాయా, లేక చితికిపోయి తమలోని క్వార్కులుగా విడిపోయాయా అన్న ప్రశ్నకు భౌతికశాస్త్రం ఇంకా తుది సమాధానం చెప్పలేదు.

ఇది కేవలం దూరపు నక్షత్రాల గురించిన కుతూహలం కాదు. పరమాణు కేంద్రకాన్ని విడిపోకుండా పట్టి ఉంచే ప్రబల బలం నుంచే మన చుట్టూ ఉన్న పదార్థపు బరువులో దాదాపు అంతా వస్తోంది. ఆ బలాన్ని వర్ణించే సమీకరణాలు 1970ల నుంచి శాస్త్రవేత్తల చేతిలో ఉన్నాయి. అయినా ఆ సమీకరణాలను ఉపయోగించి, పదార్థాన్ని విపరీతంగా అదిమితే ఏమవుతుందో లెక్కగట్టడం నేటికీ సాధ్యం కావడం లేదు. ప్రకృతి ఆ ప్రయోగాన్ని న్యూట్రాన్ నక్షత్రాలలో ఎప్పుడో చేసి పెట్టింది. దాని ఫలితాన్ని చదవడమే మిగిలిన పని.

గోళీకాయలో దేశపు పంట

సూర్యుడి కంటే సుమారు 8 రెట్లకు మించి బరువున్న నక్షత్రం తన ఇంధనాన్ని పూర్తిగా వాడుకున్నప్పుడు, దాని నడుమ పేరుకున్న ఇనుప భాగం ఒక్క సెకను కంటే తక్కువ వ్యవధిలో కుప్పకూలుతుంది. ఆ ఒత్తిడికి ఎలక్ట్రాన్లు ప్రోటాన్లలోకి చొచ్చుకుపోయి న్యూట్రాన్లు ఏర్పడతాయి. పై పొరలు సూపర్‌నోవా విస్ఫోటనంలో ఎగిరిపోతాయి. మిగిలే అవశేషం సాధారణంగా సూర్యుడికి 1.4 రెట్లు బరువు ఉంటుంది. దాని వ్యాసార్ధం మాత్రం దాదాపు 12 కిలోమీటర్లే. అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు ఉన్న దూరం ఒక మారథాన్ పరుగులో సగానికి కాస్త ఎక్కువ.

పరమాణు కేంద్రకంలోని సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 27 కోట్ల టన్నులు. దీనినే కేంద్రక సాంద్రత అంటారు. ఈ రంగంలో లెక్కలన్నీ దీనిని కొలబద్దగా పెట్టుకునే సాగుతాయి. పిల్లలు ఆడుకునే గోళీకాయ పరిమాణం దాదాపు ఒక ఘన సెంటీమీటరు. భారతదేశం 2023-24లో పండించిన ఆహారధాన్యాలు సుమారు 33 కోట్ల టన్నులు. దేశపు ఒక ఏడాది పంటను గోళీకాయలోకి కుదిస్తే వచ్చే సాంద్రత ఈ నక్షత్రాల నడిమి పొరలలో ఉంటుంది. గర్భంలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ.

అంత సాంద్రత ఉన్న చోట వేడి కోట్ల డిగ్రీలలో ఉంటుంది. అయినా భౌతికశాస్త్రజ్ఞులు దానిని ‘చల్లని’ పదార్థంగానే పరిగణిస్తారు. కిక్కిరిసిన కణాలకు ఆ ఇరుకు వల్లనే సంక్రమించే శక్తితో పోలిస్తే ఆ వేడి లెక్కలోకి రాదు. ఈ విచిత్రమైన ‘చల్లదనం’ ప్రాధాన్యం ముందు తెలుస్తుంది.

ఊహ నుంచి ఉనికికి

కాలం చేరిన నక్షత్రాలు తమ బరువును తామే మోయగలవా అన్న ప్రశ్నకు తొలి కచ్చితమైన జవాబు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ నుంచి వచ్చింది. 1930లో ఉన్నత విద్య కోసం ఓడలో ఇంగ్లండుకు ప్రయాణిస్తూ, శ్వేతకుబ్జ నక్షత్రాలకు ఒక గరిష్ఠ బరువు ఉంటుందని ఆయన లెక్కగట్టారు. సూర్యుడికి దాదాపు 1.4 రెట్లుగా స్థిరపడిన ఆ పరిమితి నేడు ఆయన పేరుతోనే ప్రసిద్ధం. 1932లో జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నారు. రెండేళ్లు తిరగకముందే వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్వికీ సూపర్‌నోవాల నుంచి న్యూట్రాన్ నక్షత్రాలు పుడతాయని ప్రతిపాదించారు.

1939లో రాబర్ట్ ఓపెన్‌హైమర్, జార్జ్ వోల్కాఫ్ ఈ నక్షత్రాల గరిష్ఠ బరువును అంచనా వేశారు. న్యూట్రాన్ల మధ్య బలాలేవీ లేవని అనుకుని చేసిన ఆ లెక్కలో జవాబు సూర్యుడికి 0.7 రెట్లు మాత్రమే వచ్చింది. అది తప్పని నక్షత్రాలే నిరూపించాయి. 1967లో కేంబ్రిడ్జ్‌లో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్ 1.34 సెకన్లకు ఒకసారి వచ్చే రేడియో స్పందనలను గుర్తించారు. వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలైన పల్సర్ల ఉనికి అలా బయటపడింది. 1974లో ఆమె పర్యవేక్షకుడు ఆంటొనీ హ్యూయిష్‌కు నోబెల్ దక్కింది, ఆమెకు దక్కలేదు. ఆ నిర్ణయంపై విమర్శలు నేటికీ ఆగలేదు, అందులో ఆశ్చర్యమూ లేదు. అదే 1974లో రసెల్ హల్స్, జోసెఫ్ టేలర్ ఒక జంట పల్సర్‌ను కనుగొన్నారు. దాని బరువు సూర్యుడికి 1.44 రెట్లుగా తేలింది. 1939 నాటి పరిమితికి ఇది రెట్టింపు. మితిమీరి దగ్గరకు నెట్టినప్పుడు న్యూట్రాన్లు ఒకదానినొకటి గట్టిగా వికర్షించుకుంటే తప్ప అంత బరువు నిలవదు. నక్షత్రాన్ని తూచి దాని లోపలి పదార్థపు స్వభావం చెప్పవచ్చునన్న పాఠం అక్కడ దొరికింది.

పైపొర నుంచి లోతుకు

ఉపరితలం కింద ఒక కిలోమీటరు మందాన గట్టి పెంకు ఉంటుంది. మొదట ఇనుము, ఆపై న్యూట్రాన్లు అధికమవుతూ వచ్చే బరువైన కేంద్రకాలు స్ఫటికంలా పేర్చి ఉంటాయి. సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 4 లక్షల టన్నులు దాటగానే కేంద్రకాలు తమలోని న్యూట్రాన్లను ఇక పట్టి ఉంచలేవు. అవి బయటకు కారడం మొదలవుతుంది. పెంకు అడుగున, కేంద్రక సాంద్రతలో సగం దగ్గర, కేంద్రకాలు గుండ్రటి ఆకారాన్ని కోల్పోతాయి. మొదట ముద్దలుగా, తరువాత సేమ్యా పోగుల్లా, ఆపై పూతరేకుల దొంతరల్లా అతుక్కుంటాయని సిద్ధాంతం చెబుతుంది. పాశ్చాత్యులు దీనికి తమ వంటింటి నుంచి ‘కేంద్రక పాస్తా’ అని పేరు పెట్టుకున్నారు.

దాని కింద మొదలయ్యే బాహ్య గర్భంలో అత్యధికం న్యూట్రాన్లు. కొద్దిపాటి ప్రోటాన్లు, వాటికి సరిజోడుగా ఎలక్ట్రాన్లు, మ్యూయాన్లు ఉంటాయి. ఇక్కడి న్యూట్రాన్లు జతలుగా ఏర్పడి ఏ మాత్రం జిగట లేని అతిద్రవంగా ప్రవహిస్తాయి. ప్రోటాన్లు నిరోధం లేని అతివాహకంగా మారతాయి. సోవియట్ శాస్త్రవేత్త ఆర్కాడీ మిగ్దాల్ పల్సర్లు కనబడక ముందే, 1959లో, ఈ అతిద్రవ స్థితిని ఊహించారు.

ఆ ఊహకు ఆధారం దొరికిన ఘటనలో ఒక భారతీయుడి పాత్ర ఉంది. సర్ సీ.వీ. రామన్ కుమారుడు వెంకట్రామన్ రాధాకృష్ణన్ 1969లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుతో రిచర్డ్ మాంచెస్టర్‌తో కలిసి వెలా పల్సర్‌ను గమనిస్తున్నారు. 89 మిల్లీసెకన్లకు ఒకసారి తిరిగే ఆ నక్షత్రం, అన్ని పల్సర్లలాగే, క్రమంగా నెమ్మదించాలి. అది ఉన్నట్టుండి వేగం పుంజుకుంది. తేడా ఒక్కో భ్రమణానికి సుమారు 200 నానోసెకన్లు మాత్రమే. కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ నుంచి పరిశీలిస్తున్న మరో బృందమూ దానిని అప్పుడే నమోదు చేసింది. నక్షత్రం తిరిగి పాత తీరుకు రావడానికి వారాలు, నెలలు పట్టింది. మామూలు ద్రవమైతే పెంకుతో పాటే వేగం మార్చుకుంటుంది. ఇంత ఆలస్యం కావాలంటే లోపల పెంకుతో పెద్దగా సంబంధం లేకుండా తిరుగుతున్న అతిద్రవం ఉండాలి. అతిద్రవంలోని సన్నని సుడులు పెంకుకు చిక్కుకుని ఉండి, ఒక్కసారిగా గుంపులుగా విడివడినప్పుడు ఈ కుదుపు పుడుతుందన్నది నేటి వివరణ. పెంకులోని అతిద్రవం ఒక్కటే ఈ కుదుపులకు చాలదని, గర్భంలోని కొంత భాగమూ తోడు కావాలని ఇటీవలి లెక్కలు సూచిస్తున్నాయి. ఇటువంటి కుదుపుల కోసం ఊటీ రేడియో టెలిస్కోపు, పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ పల్సర్లపై నిఘా ఉంచుతున్నాయి.

రాధాకృష్ణన్ ఆ తరువాత బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు సారథ్యం వహించారు. అదే సంస్థలో జీ. శ్రీనివాసన్, సహచరులు 1990లో మరో కీలకమైన ప్రతిపాదన చేశారు. నక్షత్రం నెమ్మదించే కొద్దీ అతిద్రవపు సుడులు వెలుపలికి జరుగుతాయి. అవి పోతూ పోతూ ప్రోటాన్ అతివాహకంలో చిక్కుకున్న అయస్కాంత క్షేత్రాన్ని కూడా గర్భం నుంచి బయటకు ఈడ్చుకుపోతాయని వారు వివరించారు. ముసలి పల్సర్ల అయస్కాంత క్షేత్రం బలహీనంగా ఉండటానికి ఇది ఒక కారణం కావచ్చు.

అసలు చిక్కు ఎక్కడ

కేంద్రక సాంద్రతకు రెండింతల వరకు లెక్కలను నమ్మవచ్చు. అంతకు మించిన అంతర్గర్భం గురించి వాదనలు అనేకం. వాటిలో పాతది హైపరాన్ల వాదన. హైపరాన్ అంటే న్యూట్రాన్‌కు కొంచెం బరువైన బంధువు. ప్రయోగశాలలో అది సెకనులో వెయ్యి కోట్ల వంతులో రెండు మూడు వంతులు మాత్రమే బతుకుతుంది. కానీ నక్షత్ర గర్భంలో దాని క్షయానికి చోటే లేదు. అది విడిపోతే పుట్టవలసిన కణాలకు కావలసిన స్థానాలన్నీ అప్పటికే నిండి ఉంటాయి. ఇంకా ఇరుకయ్యే కొద్దీ, న్యూట్రాన్లకు అధిక శక్తితో వేలాడటం కంటే హైపరాన్లుగా మారిపోవడమే చవక.

ఇక్కడే సమస్య మొదలవుతుంది. కిక్కిరిసిన బస్సు వెనుకే మరో ఖాళీ బస్సు వచ్చి ఆగితే తోపులాట తగ్గినట్లు, కొత్త రకం కణాలు పుట్టగానే లోపలి పీడనం తగ్గుతుంది. పదార్థం మెత్తబడుతుంది. మెత్తని పదార్థం పెద్ద బరువును మోయలేదు. హైపరాన్లతో చేసిన లెక్కలలో చాలా వాటి ప్రకారం నక్షత్రాల బరువు సూర్యుడికి రెండు రెట్లు చేరకముందే అవి కూలి కృష్ణబిలాలు కావాలి.

రెండో వాదన క్వార్కులది. ప్రతి న్యూట్రాన్‌లో మూడు క్వార్కులు బందీలుగా ఉంటాయి. న్యూట్రాన్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయేంతగా అదిమితే, ఏ క్వార్కు ఏ న్యూట్రాన్‌ది అన్న లెక్కకు అర్థం ఉండదు. క్వార్కులు దగ్గరయ్యే కొద్దీ వాటి మధ్య బంధం సడలుతుందని 1973లో డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్చెక్, డేవిడ్ పొలిట్జర్ చూపారు. 2004 నోబెల్ దానికే వచ్చింది. కాబట్టి తగినంత సాంద్రత వద్ద స్వేచ్ఛా క్వార్కుల పదార్థం ఏర్పడి తీరుతుంది. ఆ ‘తగినంత’ అన్నది నక్షత్ర గర్భంలో చేరుకునే హద్దుకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నదే తగాదా. క్వార్కుల లెక్కలు కచ్చితంగా కుదిరేది కేంద్రక సాంద్రతకు దాదాపు 40 రెట్లు దాటిన తరువాత. నక్షత్రాలలో ఉండేది 8 రెట్ల లోపే. అటు ఒడ్డు, ఇటు ఒడ్డు తెలుసు, నడుమ ఏరు తెలియదు.

సూపర్‌కంప్యూటర్ల సాయంతో ఆ ఏరు దాటవచ్చు గదా అనిపిస్తుంది. వేడి పదార్థం విషయంలో అవి అద్భుతంగా పనిచేశాయి. జెనీవాలోని సెర్న్, అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల సృష్టించే క్వార్క్-గ్లూయాన్ ప్లాస్మా అటువంటిదే. దాని వేడి లక్ష కోట్ల డిగ్రీల పైమాటే. న్యూట్రాన్ నక్షత్రంలో ఉన్నది చల్లని, దట్టమైన పదార్థం. అక్కడ గణనలో ధన, రుణ సంఖ్యలు ఒకదానినొకటి కొట్టేసుకుని, ఎంతటి యంత్రమైనా చేతులెత్తేస్తుంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో నిర్మిస్తున్న ఫెయిర్ కేంద్రం సాంద్రత వైపు నుంచి కొంత దూరం వెళ్లగలదు. కోల్‌కతాలోని బోస్ సంస్థ ద్వారా భారత్ అందులో భాగస్వామి.

తూకమే తీర్పు

సిద్ధాంతం ఆగిపోయిన చోట తక్కెడ పనికి వచ్చింది. గర్భంలోని పదార్థం ఎంత బిరుసో, ఎంత మెత్తనో చెప్పే సూత్రాన్ని స్థితి సమీకరణం అంటారు. దూది పరుపు బరువుకు అణిగిపోతుంది, కొబ్బరి పీచు పరుపు నిలబడుతుంది. ప్రతి స్థితి సమీకరణమూ ఒక గరిష్ఠ బరువును, ప్రతి బరువుకు ఒక వ్యాసార్ధాన్ని ముందే చెబుతుంది. ఆ బరువును మించిన నక్షత్రం ఒక్కటి కనబడినా ఆ సిద్ధాంతం చెల్లదు.

2010లో అదే జరిగింది. సెకనుకు 317 సార్లు తిరిగే జె1614-2230 అనే పల్సర్ ఒక శ్వేతకుబ్జంతో జంటగా ఉంది. వాటి కక్ష్య మనకు దాదాపు అంచు వైపు నుంచి కనిపిస్తుంది. పల్సర్ స్పందనలు శ్వేతకుబ్జం పక్కగా వచ్చేటప్పుడు దాని గురుత్వం వల్ల మైక్రోసెకన్లలో ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యాన్ని కొలిచి బరువు లెక్కగట్టగా 1.97 సూర్యులని తేలింది. తదుపరి పరిశీలనలు దానిని 1.91కి సవరించినా, 2013లో మరో పల్సర్ 2.01 వద్ద తేలింది. జె0740+6620 అనే ఇంకొకటి 2.08 వద్ద ఉంది. మెత్తని పదార్థాన్ని నమ్ముకున్న పదుల కొద్దీ సిద్ధాంతాలు ఈ కొలతలతో పక్కకు వెళ్లాయి. హైపరాన్లు పుట్టవని ఎవరూ అనడం లేదు. పుట్టినా అవి కూడా ఒకదానినొకటి బలంగా నెట్టుకోవాలని సిద్ధాంతకర్తలు ఇప్పుడు సవరించుకుంటున్నారు. దీనినే హైపరాన్ చిక్కుముడి అంటారు.

బరువు తెలిసింది, వ్యాసార్ధం తెలియాలి. ఎంతో దూరాన ఉన్న 12 కిలోమీటర్ల గోళాన్ని కొలవడానికి 2017లో నాసా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపై నైసర్ అనే ఎక్స్‌రే పరికరాన్ని అమర్చింది. పల్సర్ ఉపరితలంపై వేడి మచ్చలు ఉంటాయి. నక్షత్రం తిరిగే కొద్దీ వాటి వెలుగు పెరిగి తగ్గుతుంది. గురుత్వం కాంతిని ఎంతగా వంచితే, వెనుక వైపుకు వెళ్లిన మచ్చ కూడా అంతగా కనిపిస్తుంది. ఆ వెలుగునీడల తీరు నుంచి పరిమాణం తెలుస్తుంది. 2019లో వెలువడిన తొలి ఫలితం ప్రకారం 1.4 సూర్యుల బరువున్న నక్షత్రపు వ్యాసార్ధం సుమారు 13 కిలోమీటర్లు. 2021లో ఇందాకటి 2.08 సూర్యుల నక్షత్రాన్ని రెండు బృందాలు విడివిడిగా కొలిచి 12.4, 13.7 కిలోమీటర్లని చెప్పాయి.

ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడటంలోనే అసలు విషయం ఉంది. బరువు సగం మేర పెరిగినా పరిమాణం పెద్దగా తగ్గలేదు. గర్భంలో పదార్థం ఒక్కసారిగా మెత్తబడి ఉంటే బరువైన నక్షత్రం స్పష్టంగా చిన్నదై ఉండాలి. అయితే 2024లో మనకు అతి సమీపంలోని మిల్లీసెకను పల్సర్ జె0437-4715కు 11.4 కిలోమీటర్ల వ్యాసార్ధం వచ్చి, లెక్కను మళ్లీ కొంత మెత్తని వైపుకు లాగింది.

మరో సాక్ష్యం 2017 ఆగస్టు 17న అందింది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. వాటి గురుత్వ తరంగాలను లైగో, వర్గో కేంద్రాలు నమోదు చేశాయి. ఢీకొనే ముందు నక్షత్రాలు ఒకదాని గురుత్వానికి మరొకటి సాగుతాయి. సముద్రంలో ఆటుపోట్ల వంటిదే ఇది. ఉబ్బిన నక్షత్రం ఎక్కువ సాగుతుంది, గట్టిగా కుదించుకున్నది తక్కువ. ఇవి తక్కువే సాగాయి. దాని నుంచి వచ్చిన వ్యాసార్ధం 11.9 కిలోమీటర్లు, అటూ ఇటూ 1.4 కిలోమీటర్ల తేడాతో.

భూమి మీది ఒక కొలత మాత్రం ఇమడకుండా నిలిచింది. సీసపు కేంద్రకం చుట్టూ న్యూట్రాన్ల పలుచని తొడుగు ఉంటుంది. దాని మందాన్ని నిర్ణయించే పీడనమే న్యూట్రాన్ నక్షత్రపు పరిమాణాన్నీ నిర్ణయిస్తుంది. రెండింటి పరిమాణాల మధ్య తేడా ఒకటి పక్కన 18 సున్నాలంత. అయినా సూత్రం ఒకటే. అమెరికాలోని జెఫర్సన్ ప్రయోగశాల 2021లో ఆ తొడుగు అనుకున్న దానికన్నా మందంగా ఉందని ప్రకటించింది. అదే ప్రయోగశాల మరుసటి ఏడాది కాల్షియం కేంద్రకంపై చేసిన ప్రయోగంలో తొడుగు పలుచగా వచ్చింది. ఈ రెండింటికీ పొత్తు ఇంకా కుదరలేదు.

క్వార్కులు ఉన్నట్టా, లేనట్టా

అందుబాటులో ఉన్న ఆధారాలన్నీ ఒకచోట చేర్చి హెల్సింకి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, సహచరులు 2020లో ఒక విశ్లేషణ ప్రచురించారు. 1.4 సూర్యుల సాధారణ నక్షత్రాలలో క్వార్కు పదార్థం అవసరం లేదని, గరిష్ఠ బరువుకు చేరువైన వాటి నట్టనడుమ అది ఉండవచ్చునని వారు వాదించారు. 2023లో ఆ సంభావ్యతను 80 నుంచి 90 శాతంగా లెక్కగట్టారు. ఇది నిరూపణ కాదు. ఆ శాతం కూడా ఎంచుకున్న ఊహలపై కొంత ఆధారపడుతుంది. నీరు మంచుగా మారినట్లు న్యూట్రాన్లు ఒక గీత దాటగానే క్వార్కులుగా మారవని, వెన్న కరిగినట్లు నెమ్మదిగా ఒకటి మరొకటిలోకి జారుతుందని భావించేవారు చాలామంది. అలా అయితే బరువు, వ్యాసార్ధం రెండూ తెలిసినా తేడా కనిపెట్టడం కష్టం.

అప్పుడు పనికి వచ్చేది నక్షత్రం చల్లబడే వేగం. గర్భంలోని కణాలు ఒకదానిలోకి ఒకటి మారుతూ న్యూట్రినోలను వదులుతాయి. అవి వేడిని మోసుకుని పారిపోతాయి. ఈ ప్రక్రియకు ‘ఉర్కా’ అని పేరు. జార్జ్ గామోవ్, మారియో షూన్‌బెర్గ్ దానికి రియో డి జనీరోలోని ఒక జూదశాల పేరు పెట్టారు. అక్కడి బల్ల మీద డబ్బు మాయమైనంత వేగంగా నక్షత్రంలో శక్తి మాయమవుతుందన్నది వారి చమత్కారం. ప్రోటాన్లు తగినంత ఉన్నా, హైపరాన్లు లేదా క్వార్కులు ఉన్నా ఈ శీతలీకరణ వేగం పుంజుకుంటుంది, అతిద్రవ స్థితి దానికి కళ్లెం వేస్తుంది. సుమారు 340 ఏళ్ల వయసున్న కాసియోపియా-ఎ నక్షత్రం పదేళ్లలో దాదాపు 4 శాతం చల్లబడిందని 2010లో చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు పరిశీలనలు సూచించాయి. చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న టెలిస్కోపు అది. గర్భంలోని న్యూట్రాన్లు అప్పుడప్పుడే అతిద్రవంగా మారుతున్నాయని దానికి భాష్యం చెప్పారు. పరికరపు మార్పులను లెక్కలోకి తీసుకున్న తరువాత ఆ వేగం తగ్గింది గాని, చల్లబడటం మాత్రం కొనసాగుతోంది.

తదుపరి తీర్పు గురుత్వ తరంగాల నుంచే రావచ్చని పలువురి అంచనా. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో నిర్మించే లైగో-ఇండియాకు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో రూ.2,600 కోట్ల వ్యయంతో ఆమోదం తెలిపింది. అది అమెరికాలోని రెండు కేంద్రాలతో కలిసి పనిచేస్తే ఢీకొనే నక్షత్రాల స్థానం మరింత కచ్చితంగా తెలుస్తుంది, బలహీనమైన సంకేతాలూ అందుతాయి. గర్భపు రహస్యం ఎక్కువగా దాగి ఉన్నది ఢీకొన్న తరువాతి క్షణాలలో. కలిసిపోయిన నక్షత్రం కూలిపోయే లోపు సెకనుకు 2,000 నుంచి 4,000 సార్లు కంపిస్తుంది. క్వార్కులు విడివడి గర్భం మెత్తబడితే ఆ కంపనం అంతకు ముందరి సంకేతం సూచించిన దానికంటే వేగంగా ఉండాలి. నేటి పరికరాల సున్నితత్వం సరిగ్గా ఆ పౌనఃపున్యాల దగ్గరే తగ్గిపోతుంది. 2017 ఆగస్టు 17 నాటి ఘటనలో ఆ భాగం నమోదు కాలేదు.